'కొనండి' అని రాసుంటుంది, కొన్నట్టు కాదు

ప్రశ్న: రెండేళ్ల కిందట ఒక యాప్‌లో రూ.490 పెట్టి సినిమా కొన్నాను. అద్దెకు కాదు, కొనుక్కున్నాను. ఇప్పుడది నా లైబ్రరీలో లేదు. ట్యాబ్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నది కూడా తెరుచుకోవడం లేదు. కస్టమర్ కేర్ కోసం నెట్‌లో వెతికితే మూడు నంబర్లు కనపడ్డాయి. దేనికి చేయమంటారు?
- ఒక పాఠకుడు, కావలి

దేనికీ చేయకండి. సినిమా సంగతి తర్వాత, ముందు ఆ నంబర్ల సంగతి చూద్దాం.

నెట్‌లో అలా పైకి తేలే నంబర్లలో దొంగ నంబర్లు కలిసిపోయి ఉంటాయి. ఫోన్ ఎత్తినవాడు మీకంటే మర్యాదగా మాట్లాడతాడు. 'రీఫండ్ ఇప్పుడే వేసేస్తాం సార్, ఈ చిన్న యాప్ పెట్టుకోండి' అంటాడు. మీ స్క్రీన్ మొత్తం వాడికి చూపించే యాప్ అది. మీ ఫోనుకు ఓటీపీ వస్తే వాడూ చదువుతాడు. దర్గామిట్టలో మా ఎదురింటి పెద్దాయన ఒకరోజు ఫోను చేత్తో పట్టుకునే వచ్చాడు. 'డబ్బులు పడాలంటే పిన్ కొట్టమంటున్నాడు అబ్బయా, కొట్టేదా?' అని. అవతల వాడు ఇంకా లైన్లోనే ఉన్నాడు! యూపీఐ పిన్ మన డబ్బు పోవడానికి కావాలి, రావడానికి అక్కర్లేదు. ఇప్పటికే ఎవరికైనా పిన్ కొట్టేసి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కంపెనీతో మాట్లాడాలంటే ఆ యాప్ లోపల 'హెల్ప్' ఉంటుంది, అక్కడి నుంచే వెళ్లండి.

ఇక సినిమా. మీరు కొన్నది సినిమా కాదు, దాన్ని చూసుకోవడానికి లైసెన్సు. నిర్మాతతో ఆ యాప్ ఒప్పందం ముగిస్తే మీ లైబ్రరీలోంచీ మాయం కావచ్చు. డౌన్‌లోడ్ ఫైలుకు తాళం ఉంటుంది, తాళం చెవి వాళ్ల సర్వర్ దగ్గర ఉంటుంది. వాళ్లు ఇవ్వకపోతే మీ ట్యాబ్‌లో ఉన్న రెండు జీబీలు ఉత్త బరువే. ఇది మన దగ్గరే జరిగే వింత కాదు. సినిమాలు దాచుకోమని అమెరికాలో పెట్టిన అల్ట్రావయొలెట్ అనే సర్వీసు 2019 జూలైలో మూతపడింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఇలాంటి లైసెన్సు అమ్మేటప్పుడు అది లైసెన్సేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. మన యాప్‌లు మాత్రం పసుపు రంగు బటన్ మీద 'కొనండి' అని పెద్దక్షరాల్లో రాసి, అసలు మాట నలభయ్యో పేరాలో దాస్తాయి. బియ్యం కొట్టువాడు ఇలా చేస్తే ఊరుకుంటామా? ట్రంకు రోడ్డులో నేను కొన్న వీసీడీ ఇప్పటికీ ఆడుతోంది. ఇంటర్వెల్‌కి లేచి రెండో ప్లేటు మార్చాలి, అంతే.

మీరు కూడా ఒకటి సరిచూసుకోండి. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే: కొన్నది మెయిల్ ఐడీతో, ఇప్పుడు లాగిన్ అయింది ఫోన్ నంబరుతో. రెండూ వేర్వేరు ఖాతాలు. అది కాదంటే బిల్లు మెయిల్ వెతికి 'రెంట్' అని ఉందో 'పర్చేజ్' అని ఉందో చూడండి. పర్చేజ్ అయితే హెల్ప్‌లో రాసి డబ్బు వెనక్కి అడగండి, స్క్రీన్‌షాట్లు దాచండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే కంపెనీ ఎక్కడున్నా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు. రూ.490కి ఎవరు తిరుగుతారులే అనే ధీమాతోనే వాళ్లు ఇలా ఉన్నారు.

ఒంగోలు పాఠకురాలు 'అదే సినిమా ఏపీకే ఫైలుగా గ్రూపులో వచ్చింది, వేసుకోవచ్చా?' అని అడిగారు. వద్దమ్మా. సినిమా ఫైలు చివర ఏపీకే ఉండదు, అది యాప్. సినిమా చూపించడానికి మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఎందుకు అడుగుతుంది? ఇప్పటికే వేసేసి ఉంటే నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, ఇంట్లో వేరే ఫోను నుంచి బ్యాంకుకి చెప్పండి.