ఫైర్‌వాల్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీకాంత్‌కి, మావయ్య ఆశీస్సులు.

ముందు ఒక పని చేసి, తర్వాత మిగతా ఉత్తరం చదువు. మీ అకౌంటెంట్ రాత్రిపూట ఇంటి నుంచి ట్యాలీలో పని చేసుకోవడానికి సర్వర్‌కి రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి ఆ కంప్యూటర్ వాడుకునే దారి) తెరిచిపెట్టామని రాశావే, దానికి మామూలుగా ఉండే పోర్టు, అంటే నెట్‌లో తలుపు నంబరు, 3389 బదులు 3390కి మార్చాం కాబట్టి భయం లేదని కూడా అన్నావు. ఆ దారి తెరిచిన రూల్ ఇవాళే తీసేయించు. ఫైర్‌వాల్, అంటే నెట్‌కీ ఆఫీసుకీ మధ్య కాపలా కాసే డబ్బా, వచ్చేదాకా ఆగొద్దు. నాలుగు రోజులు ఆయన ఆఫీసుకొచ్చి పని చేసుకుంటే ఏమీ మునిగిపోదు. నంబరు మారిస్తే దొంగకి పట్టేది ఇంకో రెండు నిమిషాలు, అంతే. ఎందుకింత గాబరా పడుతున్నానో కింద చెప్తాను.

ఇప్పుడు నీ ప్రశ్న. ఫైర్‌వాల్ వాడుతున్న నలుగురు వ్యాపారస్తుల్ని అడిగావు, నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ ఆయన ఒక కంపెనీ డబ్బా బ్రహ్మాండం అన్నాడు. ఆస్పత్రిలో పనిచేసే ఐటీ కుర్రాడు అదే డబ్బా పెట్టాక నెట్ నత్తలా పాకుతోందన్నాడు. మీ సీఏ గారు సోఫోస్ కంపెనీది తప్ప ఇంకోటి ముట్టుకోవద్దన్నారు. రైస్ మిల్లు ఫ్రెండేమో పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుంటే డబ్బులెందుకు తగలేస్తావన్నాడు.

నలుగురూ నిజమే చెప్పార్రా. నువ్వడిగిన తీరే బాలేదు. "మీ ఫైర్‌వాల్ బాగుందా?" అంటే కొన్నవాడు బాగుందనే అంటాడు, సొంత డబ్బు పెట్టాడు కదా. నెట్ ఆగిన రోజు అందరి చేతా తిట్లు తిన్న కుర్రాడు బాలేదంటాడు. ఇరవై నాలుగేళ్లు ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో ఈ డబ్బాలు బిగించీ విప్పీ వచ్చినవాణ్ణి, నా అలవాటు చెప్తా విను. వాడేవాళ్లని మూడు రోజుల గురించి అడుగుతాను. లైసెన్స్ (డబ్బా సేవలకి కట్టే చందా) అయిపోయిన రోజు ఏం జరిగింది? డబ్బా చచ్చిన రోజు ఏం జరిగింది? దాన్ని సెట్ చేసిన మనిషి మానేసి వెళ్లాక ఏం జరిగింది? మిగతా రోజుల్లో ఏ కంపెనీదైనా ఒకటే, మూలన కూచుని పచ్చలైట్లు వెలిగించుకుంటూ ఉంటుంది.

ఆ నత్తనడక సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే నువ్వు డీలర్ల దగ్గర తీసుకుని పంపిన కొటేషన్లలో అందరూ పెద్ద అంకెలే రాశారు. ఉదాహరణకి ఫోర్టిగేట్ 60ఎఫ్ అనే ఫైర్‌వాల్ మోడల్ తీసుకో. దాని కాగితం మీద మొదట కనపడేది 10 గిగాబిట్ల వేగం. అదే కాగితంలో కిందికి వెళ్తే, వైరస్‌లూ దాడులూ వెతికే పనులన్నీ ఆన్ చేస్తే 700 మెగాబిట్లు అని ఉంటుంది. ఇందులో మోసమేం లేదు, రెండూ వాళ్లే అచ్చేసి ఇస్తారు, మనం మొదటి వరుస దగ్గరే ఆగిపోతాం. మీ మందుల గోడౌన్ గేటు దగ్గర లారీ నంబరు రాసుకుని లోపలికి వదలడానికి ఎంతసేపు పడుతుంది, ప్రతి కార్టన్ విప్పి బ్యాచ్ నంబరు చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? ఆ తేడానే ఇది. నీకు 200 మెగాబిట్ల లైన్లు రెండున్నాయి, ముప్పై ఎనిమిది సిస్టమ్‌లున్నాయి. కాబట్టి చిన్న డబ్బా చాలు. కొటేషన్ మీద అన్నీ ఆన్ చేసినప్పటి వేగం ఎంతో రాసిమ్మను. ఆస్పత్రిలో అయితే స్కాన్ బొమ్మలు పొద్దస్తమానం సర్వర్‌కి వెళ్తుంటాయి. ఆ లోపలి రద్దీని కూడా ఫైర్‌వాల్ గుండానే తిప్పి ఉంటారు, అందుకే ఆ కుర్రాడికి అది నత్త.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఇప్పుడు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ తాళం వేసుకుని ఉంటాయి కదా, లోపలేముందో చూడాలంటే ఫైర్‌వాల్ ఆ తాళం తీసి మళ్లీ తన తాళం వెయ్యాలి. దానికి ప్రతి సిస్టమ్‌లో ఫైర్‌వాల్ తాలూకు సర్టిఫికెట్ ఎక్కించాలి. ఎక్కించని సిస్టమ్‌లో ఏ సైట్ తెరిచినా ఎర్ర హెచ్చరికే. ఎక్కించినా కొన్ని యాప్‌లు మొండికేస్తాయి, బ్యాంకు సైట్లో, డిజిటల్ సిగ్నేచర్ పెట్టే చోట చిక్కులొస్తాయి. బ్యాంకుల్నీ ప్రభుత్వ పోర్టళ్లనీ ఈ తనిఖీ నుంచి మినహాయించమని మొదటి రోజే చెప్పు. నేను చూసిన చాలా ఆఫీసుల్లో ఏం జరుగుతుందంటే, జీఎస్‌టీ రిటర్ను ఆఖరి రోజు పోర్టల్ తెరుచుకోదు, ఓనర్ గారు కేకలేస్తారు, కుర్రాడు కంగారులో తనిఖీ మొత్తం ఆపేస్తాడు. మళ్లీ ఆన్ చేసే నాథుడుండడు. ఫైర్‌వాల్ ఉన్నట్టే ఉంటుంది, లెక్క మాత్రం లారీ నంబర్లు రాసుకునే కాడికే. కాబట్టి నెలలో 18, 19, 20 తేదీల్లో దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు.

లైసెన్స్ అయిపోయిన రోజు గురించి నా సొంత కథ చెప్తాను. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ, సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్. ఒక్క సైటూ రావడం లేదు. మోడెమ్ ఆపి వేశాం, నెట్ కంపెనీవాడితో అరగంట పోట్లాడాం, బాగున్న కేబుల్ పీకి కొత్తది వేశాం. పదకొండున్నరకి ఎవరికో తట్టి లైసెన్స్ పేజీ తెరిస్తే, ఆదివారం అర్ధరాత్రితో గడువు అయిపోయింది. ఏ సైట్ ఏ రకానిదో చెప్పే సేవ ఆగిపోతే, తెలియని సైట్లన్నీ ఆపెయ్యమని అందులో సెట్టింగ్ ఉంది. దానికిప్పుడు అన్నీ తెలియని సైట్లే. పోనీ గడువు దగ్గరపడుతోందని కంపెనీ ముందే చెప్పలేదా అంటే, చెప్పింది. ఆ మెయిళ్లన్నీ అమ్మిన డీలర్ దగ్గర పనిచేసి మానేసిన ఒక కుర్రాడి మెయిల్‌కి పోయాయి. డబ్బా రిజిస్టర్ చేసింది అతని పేరు మీద!

అందుకని డబ్బా రిజిస్ట్రేషన్ మీ ఆఫీసు మెయిల్‌తో, నీ కళ్లముందే జరగాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ కవర్లో పెట్టి సీల్ వేసి బీరువాలో పెట్టుకో. డీలర్‌కి కావాలంటే వేరే లాగిన్ ఇవ్వు. "మాకు వదిలెయ్యండి సార్, మేం చూసుకుంటాం" అనేవాడి దగ్గర మరీ జాగ్రత్త. రేపు వాడితో చెడితే నీ డబ్బాలోకి నువ్వే వెళ్లలేవు. ధర మాట్లాడేటప్పుడు కూడా మొదటి ఏడాది తగ్గింపు చూసి మురిసిపోకు, రెన్యువల్ ఎంతవుతుందో ఇప్పుడే కాగితం మీద పెట్టించు. కొన్ని కంపెనీలు ఆలస్యంగా కడితే గడువు దాటిన తేదీ నుంచే లెక్కేస్తాయి. వాడని రోజులకీ డబ్బులు పోతాయన్నమాట.

డబ్బా చచ్చిన రోజు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చచ్చేది ఎక్కువగా డబ్బా కాదు, అడాప్టర్. బెజవాడ ఎండలకి, కరెంటు వచ్చీ పోవడానికి ముందు అదే పోతుంది. ఒకటి అదనంగా కొనిపెట్టు, డబ్బాని యూపీఎస్ మీద పెట్టు, ఏసీ లేని గదిలో అల్మరా పైన కుక్కకు. వారంటీలో "మర్నాడే పంపిస్తాం" అంటే, చెడిపోయిందని వాళ్లు ఒప్పుకున్నాక మర్నాడు అని అర్థం. మా వాళ్లకి ఒకసారి నాలుగో రోజుకి వచ్చింది. సెట్టింగుల బ్యాకప్ ఫైలు ప్రతి మార్పు తర్వాతా తీయించి దాచుకుంటే, కొత్త డబ్బా రాగానే గంటలో లేస్తుంది. లేకపోతే రూల్స్ అన్నీ మొదట్నించీ రాసుకోవాలి. జతగా రెండు డబ్బాలు కొనమని మూడో కొటేషన్ అతను రాశాడు, నీకు అక్కర్లేదు.

ఇక ఆ 3389 కథ. మీలాంటి పంపిణీదారుడే, వేరే ఊరు. మంచి ఖరీదైన ఫైర్‌వాల్, లైసెన్స్ కూడా ఉంది. ట్యాలీ సర్వర్‌కి బయట ప్రపంచం మొత్తానికి దారి ఇచ్చిన రూల్ ఒకటి ఉంది, పేరు "టెంపరరీ". పెట్టి రెండేళ్లయింది. శనివారం రాత్రి ఎవడో లోపలికొచ్చాడు. సోమవారం ట్యాలీ ఫోల్డర్లో ఫైళ్ల పేర్లన్నిటికీ వింత తోకలు, ఏదీ తెరుచుకోదు, డబ్బు కడితే తాళంచెవి ఇస్తామని ఒక నోట్. సర్వర్ లాగ్ (ఎవరెప్పుడు వచ్చారో రాసుకునే చిట్టా) తీస్తే అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, ట్యాలీ, అకౌంట్స్ అంటూ వేల సార్లు లాగిన్‌కి ప్రయత్నించిన జాడ. బ్యాకప్ హార్డ్ డిస్క్ అదే సర్వర్‌కి ఎప్పుడూ గుచ్చే ఉంది, దానికీ తాళం పడింది. చివరికి అకౌంటెంట్ తన బ్యాగులో మర్చిపోయిన పెన్‌డ్రైవ్‌లో పన్నెండు రోజుల నాటి డేటా దొరికింది. నలుగురు కూచుని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కార్బన్ కాపీలు ముందేసుకుని ఆ పన్నెండు రోజుల బిల్లులూ మళ్లీ కొట్టారు. వేళ్లకంటిన కార్బన్ సిరా నాకింకా గుర్తే. ఆ ఫైర్‌వాల్ ఏ తప్పూ చెయ్యలేదు. వదలమని రాస్తే వదిలింది.

ఇంటి నుంచి పనికి వీపీఎన్ (నెట్ మీదుగా ఆఫీసుకి తాళం వేసిన సొంత దారి) పెట్టించు, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కొచ్చే కోడ్ కూడా అడిగేలా. అయితే వీపీఎన్ పెట్టాం కదా అని కాళ్లు బార్లా చాపుకుని పడుకోకు. 2021 సెప్టెంబరులో 87,000 ఫోర్టిగేట్ పరికరాల వీపీఎన్ లాగిన్లు బయటపడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ 2019 మేలోనే వచ్చింది. చాలామంది వేసుకోలేదు. తర్వాత వేసుకున్నవాళ్లలో కూడా పాస్‌వర్డ్‌లు మార్చనివాళ్లకి ముప్పు అలాగే ఉండిపోయింది. అంతకుముందు 2020 ఏప్రిల్లో సోఫోస్ ఫైర్‌వాల్ లోపం ఒకటి పట్టుకుని దాడి జరిగితే, కంపెనీ త్వరగానే దిద్దుబాటు పంపింది, ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లో ఉన్నవాళ్లకి అది దానంతటదే ఎక్కింది. ఏ బ్రాండుకైనా ఇలాంటి రోజు వస్తుంది. అప్‌డేట్లు ఎవరు వేస్తారో ఏఎమ్‌సీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కాగితంలో రాయించు. ఫైర్‌వాల్ సెట్టింగుల పేజీ ఆఫీసు లోపలి నుంచే తెరుచుకోవాలి, బయటి నుంచి కాదు.

మీ సీఏ గారు సోఫోస్ అని ఎందుకన్నారో నేను ఊహించగలను. అహ్మదాబాద్‌లో పుట్టిన సైబరోమ్ అని ఒకటుండేది, 2014లో దాన్ని సోఫోస్ కొనేసింది. అప్పట్లో నేనే ఎన్ని సైబరోమ్‌లు బిగించానో! దాని మీద చెయ్యి తిరిగిన కుర్రాళ్లు అలాగే సోఫోస్‌కి మారారు. ఆయన మాటలో ఉన్న విలువ అదే, పిలిస్తే వచ్చే మనిషి ఉన్నాడు. పీఎఫ్‌సెన్స్ కూడా మంచిదే, 2004లో మొదలైంది, నేను ఇంట్లో పాత కంప్యూటర్ మీద అదే వాడుతున్నా. కానీ మీ ఫ్రెండు మిల్లులో దాన్ని చూసుకునే తమ్ముడున్నాడు. నీకెవరున్నారు? రెండు గంటల్లో మీ గోడౌన్‌కి రాగలిగిన ఇద్దరు మనుషులు ఏ బ్రాండు తెలిసినవాళ్లో కనుక్కో, ఆ బ్రాండే కొను. రెండో కొటేషన్ అతను నాకు నచ్చాడు. ధర తక్కువని కాదు, సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె) ఎక్కడ పెట్టారని అడిగినవాడు అతనొక్కడే. 2016లో మిరాయ్ అనే వైరస్ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్నీ డీవీఆర్‌లనీ పోగేసుకుని అమెరికాలో పెద్ద పెద్ద సైట్లని పడేసింది. నీ డీవీఆర్‌ని వేరే నెట్‌వర్క్‌లో పెట్టమను, మొబైల్లో చూడ్డానికి పోర్టులు తెరవొద్దని చెప్పు.

లాగ్‌ల గురించి ఒక్క మాట. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్లకి చెప్పాలి. చిన్న డబ్బాల్లో చాలావాటికి లోపల డిస్క్ ఉండదు. లాగ్‌లు ఎక్కడికి వెళ్తాయని అడుగు. గడియారం కూడా చూసుకో. ఒకచోట మన టైమ్ సెట్ చెయ్యకుండా వదిలేస్తే, లాగ్‌లో ప్రతిదీ ఐదున్నర గంటలు వెనక ఉండి, రాత్రి ఎనిమిదింటి పనిని మధ్యాహ్నం రెండున్నరకి జరిగిందనుకుని పాపం స్టోర్ కీపర్ని అనుమానించారు.

చివరగా కాస్త ఇబ్బందైన విషయం. ఫైర్‌వాల్ పెట్టాక మొదట మినహాయింపు అడిగేది ఓనరే. "నా ల్యాప్‌టాప్‌కి మాత్రం ఏ అడ్డూ పెట్టకు" అంటారు. బ్యాంకు లాగిన్లుండేది ఆ ల్యాప్‌టాప్‌లోనే. నువ్వు అడగకు. బావగారి ట్యాబ్‌లో యూట్యూబ్ ఆగిందని గొడవొస్తే గెస్ట్ వైఫై ఇచ్చెయ్, ఆఫీసు నెట్‌లోకి మాత్రం రానివ్వకు. నా పేరు చెప్పు, నామీద కోపమొచ్చినా ఫర్వాలేదు.

రెండో కొటేషన్ అతన్ని పదిహేను రోజులు ట్రయల్ డబ్బా పెట్టమని అడుగు, వచ్చే నెల మొదటి వారంలో. బిగించేది ఆదివారమైతే నేను శనివారం రాత్రి బండికి వస్తాను. మీ సర్వర్ గది ఫొటోలో కేబుళ్లన్నీ ఒకే నీలం రంగులో కనిపిస్తున్నాయి, ఏది ఎక్కడికి పోతుందో మీకూ తెలిసినట్టు లేదు. పేర్లు రాసి అంటించే స్టిక్కర్లు నేను తెస్తాను.

మీ మావయ్య