అచ్చంపేటలో మొదటి ఆదివారాలు

చిట్టితల్లికి,

నీకు అచ్చంపేట బ్యాంకు బ్రాంచిలో పోస్టింగ్ వచ్చిందని, వెళ్లిన రెండు వారాలకే బదిలీ సంగతి అడుగుతున్నావని మీ నాన్న చెప్పాడు. నీ టెన్షన్ నాకు తెలుసు బిడ్డా. 1991లో హైదరాబాద్ వదిలి దేవరకొండకు టీచర్‌గా వచ్చినప్పుడు నాకూ ఇంచుమించు నీ వయసే. మా దేవరకొండకూ మీ అచ్చంపేటకూ మధ్య డిండి, అంతే. ఊళ్ల తీరు పెద్దగా మారదు.

నేను నిన్ను అడిగేది ఒక్కటే. మొదటి రెండు నెలలు ఆదివారాలు ఇంటికి పోవద్దు. తర్వాత కావాలంటే నెలకోసారి, రెండో శనివారం కలిసొచ్చినప్పుడు వెళ్లు.

ఎందుకంటున్నానో చెప్తా. మొదటి ఏడాది నేను శనివారం బడి వదలగానే సంచి భుజాన వేసుకుని బస్టాండుకు పరుగెత్తేదాన్ని. సోమవారం పొద్దున దిగి నేరుగా క్లాసుకే. ఒక శనివారం జ్వరం వచ్చి పోలేకపోయా. తలుపు వేసుకుని పడుకున్నా. ఆదివారమంతా ఒళ్లు కాలిపోతుంటే, మంచం పక్కన చెంబులో నీళ్లు కూడా అయిపోయాయి. గోడకు అవతలే ఇంటివాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఒక్కరూ తలుపు కొట్టలేదు. తప్పు వాళ్లది కాదు. టీచరమ్మ ఆదివారం ఊళ్లో ఉండదని అందరికీ తెలుసు. సోమవారం పొద్దున పాలామె వచ్చి, బయట తాళం లేదు, గడపలో చెప్పులున్నాయని చూసి తలుపు బాదింది. మధ్యాహ్నానికి గిన్నెలో జొన్న గటక, దాంట్లో పలుచటి మజ్జిగ పోసి తెచ్చి, తాగేదాకా నా ముందే కూర్చుంది. ఆ ఊళ్లో నేను కాపురమున్నది ఆ రోజు నుంచే అనుకుంటా.

అందుకే ఆదివారం నీ తలుపు తెరిచి ఉండాలి. అంగడి ఏ రోజో కనుక్కుని సంచి పట్టుకుని నువ్వే వెళ్లు, కూరగాయలు ఫోన్‌లో చెప్పి తెప్పించుకోవద్దు. ఒకే ఆమె దగ్గర నాలుగు వారాలు టమాటాలు కొంటే అయిదో వారం ఆమే పిలిచి కొసరు వేస్తుంది. ఒక ఆదివారం పక్కింటి వాళ్లతో ఉమామహేశ్వరం పోయిరా. కొండ రాతిలోంచి ఊరే ఆ నీళ్ల కింద చెయ్యి పెట్టి చూడు. శ్రీశైలం వైపు వెళ్తే మాత్రం పెందలాడే తిరిగి రా. పులుల అడవి కదా, రాత్రి 9 దాటితే మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర బండ్లు వదలరు.

ఇక ప్రశ్నలు. "మీదే ఊరు? పెండ్లయిందా? జీతమెంత?" అని మొహమ్మీదే అడుగుతారు. చిరాకుపడకు. కొత్త మనిషిని పలకరించే పద్ధతే అది. జీతం చెప్పాల్సిన పని లేదు కానీ అమ్మానాన్నల సంగతి చెప్పు, వాళ్ల పిల్లల సంగతి అడుగు. "ఏమోళ్లు?" అని కులం కూడా అడుగుతారు. దానికి నేను మా ఊరి పేరు చెప్పి మాట వాళ్ల ఊరి మీదికి మళ్లించేదాన్ని. ఎవరింట్లో చాయ్ ఇచ్చినా తాగు. ఒక్క వాడకే పోయి ఇంకో వాడకు పోకపోతే జనం ఇట్టే పట్టేస్తారు, నిన్ను ఒక పక్క మనిషిగా లెక్కేస్తారు.

బ్యాంకు పని నీకే బాగా తెలుసు. నేను కౌంటర్‌కు ఇవతల నిలబడేదాన్ని కాబట్టి ఇటు నుంచి కనిపించేది చెప్తా. తండా నుంచి ముసలామె వస్తుంది. నడుం దగ్గర దోపుకున్న ప్లాస్టిక్ కవర్లోంచి పాసుబుక్కు తీసి, "పైసలు పడ్డయా బిడ్డా?" అంటుంది. ఆ ఒక్క మాట అడగడానికి ఒక రోజు కూలీ, ఆటో కిరాయీ పోగొట్టుకుని వచ్చింది. "పడలేదు, పో" అనకు. ఎందుకు పడలేదో చూడు. ఆధార్ జిరాక్సో, ఇంకేదో కావాలంటే చీటీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసివ్వు, ఇంటికి పోయాక మనవడు చదివి చెప్తాడు. మట్టిపని, సిమెంటు పని చేసీ చేసీ వేళ్ల గీతలు అరిగిపోయి వేలిముద్ర పడదు. చెయ్యి కడిగి తుడుచుకుని ఇంకో వేలు పెట్టమను. విసుక్కున్నావంటే మళ్లీ రాదు. "రాం రాం యాడీ" అని పలకరించి చూడు. వాళ్ల లంబాడీ భాషలో యాడి అంటే అమ్మ.

నీళ్ల విషయంలో నా భయం ఇంకా పోలేదు. మా క్లాసు పిల్లలు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపించేవి, కొందరికి కాళ్లే వంకర. అంతా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. కాచినా అది పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. మీ ఇంట్లో ఏ నల్లాకు బోరు నీళ్లు, ఏ నల్లాకు మిషన్ భగీరథ నీళ్లు వస్తాయో ఇంటామెను అడుగు. తాగడానికీ వంటకూ భగీరథ నీళ్లే పట్టుకో.

బతుకమ్మకు మాత్రం ఊళ్లోనే ఉండు. తంగేడు, గునుగు తెచ్చి ఇంటామెతో కలిసి పేర్చు. పాట రాకపోయినా చప్పట్లు కొడుతూ వరుసలో తిరుగు.

జొన్నపిండి రెండు కిలోలు, రొట్టెల పెనం మీ నాన్నతో పంపిస్తున్నా. వచ్చే నెల మొదటి ఆదివారం నేనే వస్తా. ఆ పూట మీ ఇంటామెను భోజనానికి పిలువు, రొట్టెలు నేను చేస్తా.

నీ మేనత్త