వేరు టక్కున విరగాలి

ప్రశ్న: అయ్యా, నమస్కారం. వేరుశనగతో మూడేళ్లుగా నష్టపోయాం. ఈసారి రెండెకరాల ఎర్రనేలలో అశ్వగంధ వేద్దామనుకుంటున్నాం. ఎకరానికి కట్ట డీఏపీ, కట్ట యూరియా పడకపోతే వేరు ఊరదని మా ఇంటాయన అంటాడు. రసాయనం తగిలితే మందు మొక్కలో గుణమే పోతుందని, పేడ ఎరువు తప్ప ఏదీ వేయొద్దని మా అన్న అంటాడు. ఎండాకాలం నుంచి పోగేసిన పెంట రెండు ట్రాలీలుంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఇంటాయన చెప్పిన పని నేను చేసి చూశాను. అశ్వగంధ వేసిన మొదటి ఏడాది, రెండో నెలలో ఆకు కాస్త పాలిపోయింది. టెన్షన్ పడి ఎకరానికి కట్ట యూరియా చల్లాను. పది రోజులకే చేను నల్లగా, నిగనిగలాడుతూ లేచింది. నడుము ఎత్తు వచ్చింది. దారినపోయే వాళ్లు ఆగి చూసి వెళ్లేవాళ్లు.

ఫిబ్రవరిలో తవ్వాం. వేరు చీపురుపుల్లంత సన్నం, మూరెడు పొడవు, ఒళ్లంతా పీచు. సరుకు కొనడానికి వచ్చినాయన గట్టు మీద కూర్చుని, బాగా ఎండిన వేరొకటి తీసి రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి వంచాడు. అది చింతబరికెలా వంగింది గాని విరగలేదు. తర్వాత తన సంచిలోంచి ఇంకో వేరు తీశాడు. చిటికెన వేలంత లావు ఉంది. వంచీ వంచకముందే టక్కున విరిగింది. లోపల బియ్యప్పిండిలా తెల్లగా ఉంది. "ఇది వేరు, మీది కట్టె" అన్నాడు. నేను అనుకున్న ధరలో సగం కూడా రాలేదు. ఆ టక్కుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. వేరు కొనేవాళ్లు చూసేది ఇదే: లావు, తెలుపు, విరుపు.

నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు పెంచుకోవడంలో పడిపోతుంది. వేరులో పిండి దాచుకునే పని వెనకబడుతుంది. అశ్వగంధకు మీ ఎర్రనేల, వానలు తగ్గే కాలంలో మిగిలే కొద్దిపాటి తేమ సరిపోతాయి. ఆకు పంటల సంగతి వేరు. నేలవేము, బిళ్ళగన్నేరు లాంటివి ఆకు కోసం వేస్తే నత్రజనిని బాగానే వాడుకుంటాయి. అందుకే ఏ ఎరువు అనే ముందు, మొక్కలో ఏ భాగం అమ్ముతున్నామో చూసుకోవాలి.

ఇక మీ అన్న మాట. పేడను వేరు పేడగా తాగదు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని చివికించి, అమ్మోనియం, నైట్రేట్ రూపంలోకి మార్చాకే వేరు తీసుకుంటుంది. యూరియా కూడా చివరికి ఆ రూపాల్లోకే వస్తుంది. కాబట్టి తగిలితే చాలు గుణం పోతుందన్న మాట నేను ఒప్పుకోను. తేడా అంతా మోతాదులో, అందే వేగంలో ఉంది. లెక్క చూడండి. 45 కిలోల యూరియా కట్టలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. నాలుగు టన్నుల పశువుల ఎరువులోనూ దాదాపు అంతే. అయితే ఎరువులోది మొదటి పంటకు మూడో వంతో, ఇంకా తక్కువో అందుతుంది. మిగతాది నేలలో ఉండి తర్వాతి పంటలకు వస్తుంది. కట్టలోది కొద్ది రోజుల్లోనే మొక్క మీద పడిపోతుంది. అశ్వగంధకు ఎకరానికి ఆరు కిలోల నత్రజని, ఆరు కిలోల భాస్వరం చాలు. మీ ఇంటాయన చెప్పిన రెండు కట్టల్లో నత్రజని ఒక్కటే దాదాపు 30 కిలోలు!

నేనైతే ఆఖరి దుక్కిలో ఎకరానికి నాలుగు టన్నుల మాగిన ఎరువు, వంద కిలోల వేపపిండి వేసి ఊరుకుంటాను. వేపపిండి నులిపురుగులకు కూడా పనికొస్తుంది. మా వైపు ట్రాలీకి రెండు టన్నులు పడుతుంది. ఆ లెక్కన మీ రెండు ట్రాలీలు ఒక ఎకరానికే వస్తాయి. రెండో ఎకరానికి ఎరువు దొరకకపోతే 13 కిలోల డీఏపీ, 8 కిలోల యూరియా వేయండి, తప్పు లేదు. కిలోల్లో చెబుతున్నానమ్మా, కట్టల్లో కాదు.

నాకు అసలు భయం మీ పెంట గురించే. ఎండాకాలంలో పోసిన దిబ్బ మీ వైపు ఎండకు మాగదు, పిడకలా ఎండిపోతుంది. దిబ్బ నడుమ గడ్డపార దించి, కాసేపు ఉంచి, తీసి పట్టుకోండి. చెయ్యి చురుక్కుమంటే అది ఇంకా కుళ్లుతూనే ఉంది. చల్లగా ఉందని సంబరపడొద్దు, ఎండిపోయినా చల్లగానే ఉంటుంది. గుప్పెడు తీసి వాసన చూడండి. తొలకరి మట్టి వాసన వస్తూ, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలితేనే పొలానికి తోలండి. లేకపోతే ఈ రోజే దిబ్బను తిరగేసి, నీళ్లు చల్లి, పైన చెత్త కప్పండి. పచ్చి పెంట తోలితే వేరుపురుగు, చెదలు, గడ్డి గింజలు మూడూ దాంతోనే వస్తాయి. వేరు అమ్ముకునే పంటకు వేరుపురుగుని మించిన శత్రువు లేదు. పైగా పచ్చి పేడలోని క్రిములు వేరుకు అంటుకుంటే, కొన్న కంపెనీ ల్యాబ్‌లో సరుకు వెనక్కి వస్తుంది.

అదే ల్యాబ్‌లో సీసం, కాడ్మియం కూడా చూస్తారు. ఆయుర్వేద మూలికల్లో పది లక్షల పాళ్లకు సీసం 10, కాడ్మియం 0.3 పాళ్లు దాటకూడదు. చవకగా వస్తుందని పట్టణం చెత్తతో చేసిన కంపోస్టు మాత్రం తోలకండి. సేంద్రియం అన్న పేరు దానికీ ఉంది, కానీ అందులో ఏమేం కలిశాయో మనకు తెలియదు.

చివరగా, కొనేవాళ్లు సేంద్రియ సర్టిఫికెట్ అడుగుతున్నారా? అడిగితే డీఏపీ గుప్పెడు కూడా వద్దు. ఏడాది పంటలకు విత్తే ముందు రెండేళ్ల మార్పిడి కాలం, అంటే రసాయనం లేకుండా సాగు చేసిన గడువు, చూపాలి. మధ్యలో రసాయనం వేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ముందు కొనేవాళ్లతో మాట్లాడి, ఆ తర్వాతే రెండో ఎకరం సంగతి తేల్చుకోండి.

ప్రశ్న: కుండీలో తులసి, సరస్వతి ఆకు పెంచుతున్నాను. పిల్లలు పచ్చిగానే తింటారు. జీవామృతం పోయొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పచ్చిగా తినే ఆకు మీద పేడ, మూత్రం కలిసిన ద్రావణం చల్లొద్దు. సరస్వతి ఆకు నేలనంటి పాకుతుంది కాబట్టి, దాని మొదట్లో పోసినా ఆకుకు అంటుతుంది. రెండింటికీ నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు మట్టిలో కలిపి, పైన పలచగా మట్టి కప్పండి. ఆకు కోసి, పారే నీళ్లలో బాగా కడిగాకే పిల్లల చేతికివ్వండి.