డంప్ యార్డు విస్తరణ: డీజిల్, కరెంటు లెక్క ఎక్కడ మొదలవ్వాలి

చిరంజీవి మానసకి,
పెదనాన్న ఆశీస్సులు.

డంప్ యార్డు విస్తరణకి రాసే పర్యావరణ నివేదికలో ఇంధనం అధ్యాయం నీకు ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. చాలామంది దాన్ని రెండు పేజీల్లో తేల్చేస్తారు. ఇన్ని మెషీన్లు, ఇంత డీజిల్, ప్రభావం స్వల్పం, అంతే. నువ్వు అలా రాయొద్దు తల్లీ. మున్సిపల్ ఇంజినీరుగా నా ఉద్యోగమంతా చెత్త చుట్టూనే గడిచింది కాబట్టి ఎక్కడ వెతకాలో చెప్తాను. నీకు తెలిసిన హైదరాబాద్ డంప్ యార్డు, జవహర్‌నగర్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

యార్డు గేటు దగ్గర లెక్క మొదలుపెడితే అసలు ఖర్చు బయటే ఉండిపోతుంది. హైదరాబాద్ చెత్త ఇంటి ముందు స్వచ్ఛ ఆటో ఎక్కి, చిన్న బండ్ల చెత్తని పెద్ద బండ్లకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి పెద్ద బండిలో జవహర్‌నగర్ చేరుతుంది. ఆ బండి సగటున లీటరుకి రెండున్నర కిలోమీటర్లు ఇస్తుందనుకో. రానూపోనూ 60 కిలోమీటర్లు, లోడు 15 టన్నులు అనుకో. ట్రిప్పుకి 24 లీటర్లు, అంటే టన్నుకి 1.6 లీటర్లు. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది కాబట్టి టన్నుకి 16 యూనిట్లు దారిలోనే ఖర్చయ్యాయి. అదే టన్నుని కుప్ప మీద ఇంకో 30 మీటర్లు పైకి చేర్చడానికి లెక్క ప్రకారం యూనిట్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. ఇంజిన్ నష్టాలు, బండి సొంత బరువు, వానకి మెత్తబడ్డ ర్యాంపు కలిపి ఎన్నో రెట్లు వేసుకున్నా దూరం ముందు ఎత్తు చిన్నదే.

అందుకే, విస్తరించకపోతే ఈ చెత్త ఎక్కడికి పోతుందో ముందు తేల్చుకో. ఇంకా దూరం పోతుందా? లేక తడి చెత్తని కాలనీల దగ్గరే ఎరువు చేస్తారా? మన ఊళ్ల చెత్తలో దాదాపు సగం తడిదే. అది బండెక్కకపోతే డీజిల్ మిగులుతుంది, కుప్పలోంచి కారే మురికి నీరు, అదే ఊట, కూడా తగ్గుతుంది. ఈ ప్రత్యామ్నాయాన్ని పక్కన పెట్టి చూపించే లెక్కని నేనైతే ఒప్పుకోను.

లోపల తిరిగే బుల్‌డోజర్లు, చెత్తని అణిచే కంపాక్టర్లు, జేసీబీల విషయంలో కేటలాగ్ అంకెలు నమ్మొద్దు. పూర్తి ఏడాది డీజిల్ రిజిస్టరు, మెషీన్లు ఎన్ని గంటలు నడిచాయో చూపే అవర్ మీటర్ రీడింగులు అడుగు. రోజూ అదే అంకె, అదే పెన్ను, పేజీ మొత్తం ఒకే వాలు చేతిరాత కనిపిస్తే అది నెలాఖరున ఒక్కసారే కూర్చుని నింపింది. అప్పుడు బంకు బిల్లులు తెప్పించి, బండ్లని తూచే వేబ్రిడ్జి టన్నుల పక్కన పెట్టి, టన్నుకి ఎన్ని లీటర్లో నువ్వే కట్టు.

కరెంటులో మాత్రం నిదానంగా కూర్చోవాలి. ఎక్కువ ఖర్చు ఊట నీటి శుద్ధిలో ఉంటుంది: పంపులు, బ్లోవర్లు, ఆర్వో. మే నెల బిల్లు తీసుకుని 12తో గుణిస్తే కాకి లెక్కే. వానల్లో ఊట పెరుగుతుంది కాబట్టి జులై, ఆగస్టు బిల్లులు విడిగా చూడు, జనరేటర్ డీజిల్ కూడా కలుపు. కొత్తగా తెరిచే ప్రతి ఎకరం మీద పడ్డ వాన ఊటై పంపు దగ్గరికే వస్తుంది. కాబట్టి ఒకేసారి ఎంత భాగం తెరిచి ఉంచుతారో తప్పక అడుగు. ఇంకో సంగతి. వానాకాలం బిల్లు తక్కువ వచ్చిందంటే వెంటనే మెచ్చుకోవద్దు. ప్లాంటు నడవలేదేమో, ఊట చెరువులోకి పోయిందేమో చూడు. జవహర్‌నగర్ యార్డు ఊట చేరి మల్కారం చెరువుకి ఏం జరిగిందో నీకు తెలుసు. అక్కడివాళ్లు బోరు నీళ్లు తాగలేని పరిస్థితి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఆదాయం వైపు కూడా జాగ్రత్త. జవహర్‌నగర్‌లో చెత్త కాల్చి కరెంటు తీసే 24 మెగావాట్ల ప్లాంటు ఉంది కదా అని దాని ఉత్పత్తిని విస్తరణ ఖాతాలో జమ చెయ్యొద్దు. అక్కడ కాలేది పూడ్చని చెత్త. పూడ్చిన చెత్తలోంచి వచ్చే గ్యాస్ వేరే లెక్క. అందులో సుమారు సగం మీథేన్. పైపులకి చిక్కినంతే వాడకానికి వస్తుంది, మిగతాది గాల్లో కలుస్తుంది. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పెంచుతుంది. కాబట్టి ఎంత పట్టగలరన్న అంచనాకి ఆధారం రాసి తీరాలి.

యార్డు మూసిన రోజుతో నీ పట్టిక ఆపేయకు. మూసేశాక కనీసం 15 ఏళ్లు సంరక్షణ చూడాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. చెత్త రాకపోయినా అన్నేళ్లూ ఊట తోడాలి, శుద్ధి చెయ్యాలి. ఆ యూనిట్లని విడి వరసలో చూపించు.

చివరగా, ప్రజాభిప్రాయ సేకరణకి ముందు నివేదిక సారాంశం తెలుగులో కూడా ఇవ్వాలి. ఆ పని అనువాదం చేసేవాళ్లకి వదలకు, నువ్వే రాయి. మెగాజౌల్ లాంటి శాస్త్రీయ కొలతలు అక్కర్లేదు. యార్డు దగ్గరి దమ్మాయిగూడ రోడ్డు మీద రాత్రి ఇప్పుడు ఎన్ని బండ్లు పోతున్నాయి, రేపు ఎన్ని పోతాయి, జనరేటర్ ఏ వైపు పెడతారు, కరెంటు పోతే శుద్ధి ప్లాంటు ఎన్ని గంటలు నడుస్తుంది అన్నవి రాయి. చిత్తు ప్రతి అయ్యాక నాకు పంపు, పట్టికలతో సహా చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న