రాయి ఉంది, గోడ లేదు

ప్రశ్న: అక్కా, నేను రిమ్‌వరల్డ్ అనే కంప్యూటర్ ఆట ఆడుతుంటాను, అందులో మనుషులకు పనులు అప్పజెప్పి ఒక కాలనీ నడపాలి. చెక్క ఇళ్ళు ఊరికే తగలబడుతున్నాయని ఈసారి కాలనీ మొత్తం గ్రానైట్‌తో కట్టాలనుకున్నాను. రాళ్ళు కోసే టేబుల్ దగ్గర 'ఇన్ని అయ్యేదాకా చెయ్యి' అనే ఆర్డర్‌లో 200 పెట్టాను. టేబుల్ చుట్టూ బ్లాకులు కుప్పలుగా పడినా కోసే మనిషి కోత ఆపడు. విసుగొచ్చి దాన్ని తీసేసి 'ఏ రాయైనా సరే' అనే ఆర్డర్ పెట్టాను. ఇప్పుడేమో ఆర్డర్ ఆగిపోయింది, గోడలకు మాత్రం గ్రానైట్ బ్లాకులు లేవంటోంది. ఆటలో ఏమైనా లోపం ఉందా?
— డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: ఆటలో లోపం లేదు తమ్ముడూ. అది ఏ సరుకును లెక్కలోకి తీసుకుంటుందో నువ్వు చూసుకోలేదు, అంతే.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో చాలాకాలం స్టోర్స్ చూశాను. క్వారీ నుంచి బ్లాకు వేసుకొచ్చిన లారీ గేటు బయట నిలబడి ఉన్నంతసేపూ మా పుస్తకంలో అది సున్నాయే. యార్డులో దించి, దాని మీద పెయింట్‌తో నంబరు రాసి, ఆ నంబరు రిజిస్టర్లో ఎక్కాకే స్టాకు. ఓనరు స్వయంగా వచ్చి 'కళ్ళ ముందే ఉంది కదమ్మా' అన్నా సరే, ఎక్కించనిదాన్ని లెక్క చెప్పేదాన్ని కాదు. నీ ఆట కూడా నాలాంటిదే. స్టాక్‌పైల్‌లోనో, అంటే సరుకు నిల్వకని నువ్వు నేల మీద గీసిన చోటులోనో, షెల్ఫ్ మీదో ఉన్న బ్లాకుల్నే లెక్కపెడుతుంది. టేబుల్ పక్కన నేల మీద వెయ్యి పడి ఉన్నా దాని దృష్టిలో సున్నా. నువ్వు 200 అడిగావు, దానికి 60 కనిపిస్తున్నాయి, కోయక ఏం చేస్తుంది?

అవి స్టాక్‌పైల్‌లోకి ఎందుకు చేరడం లేదో చూడు. స్థలం నిండిపోయిందేమో. ఒక గడిలో, అంటే ఆట నేల మీద ఒక చదరంలో, 75 బ్లాకులే పడతాయి, అంటే 200కి మూడు గడులు ఖాళీగా ఉండాలి. లేదంటే ఆ స్టాక్‌పైల్ సెట్టింగ్స్‌లో రాతి బ్లాకులకు టిక్ తీసేసి ఉంటావు. ఆర్డర్ వివరాల్లో 'నేల మీద పడెయ్యి' అని ఉండి, మోసే పని ఎవరికీ ఇవ్వకపోయినా ఇదే గతి. నన్నడిగితే టేబుల్‌కు ఆనుకునే నాలుగు గడుల చిన్న స్టాక్‌పైల్ గీసి, అందులో బ్లాకులకు తప్ప దేనికీ చోటివ్వకుండా, ప్రాధాన్యం పెద్దది పెడతాను. కోసినవాడికి నాలుగు అడుగుల్లో పని అయిపోతుంది.

ఇక రెండో సంగతి. 'ఏ రాయైనా సరే' అన్నప్పుడు అన్ని రకాలూ కలిపి లెక్కేస్తుంది. ఇసుకరాయి 180, గ్రానైట్ 20 ఉంటే 200 అయిపోయాయని పని ఆపేస్తుంది. నువ్వు గీసిన గోడ మాత్రం గ్రానైటే కావాలని కూర్చుంటుంది. ఒకే గోడ ముక్కకు రెండు రకాలు కలిపి వాడడం కుదరదు. కాబట్టి రాయికొక ఆర్డర్ విడిగా పెట్టు. లిస్టులో పైనున్నదాన్ని ముందు చేస్తారు కనుక గ్రానైట్‌ను పైకి జరుపు.

ఇంతకీ 200 అనే అంకె ఎక్కడ నుంచి తెచ్చావు? రౌండ్‌గా ఉందని పెట్టి ఉంటావులే. లోపల ఐదు గడుల పొడవు, ఐదు గడుల వెడల్పు ఉన్న గది తీసుకో. చుట్టూ 24 గడులు వస్తాయి. ఒకటి తలుపుకు పోతే గడికొకటి చొప్పున 23 గోడ ముక్కలు. ముక్కకు 5 బ్లాకుల చొప్పున 115. ఒక బండరాయిని కోస్తే 20 బ్లాకులు వస్తాయి, అంటే ఆరు బండలు కోస్తే గది లేచిపోతుంది, ఇంకో ఐదు బ్లాకులు మిగులుతాయి కూడా. అలాంటి గదులు పది గీశావనుకో, అప్పుడు ఆర్డర్‌ను రెండు వేలకు పెంచాలని టెన్షన్ పడొద్దు. నువ్వు గీసిన ప్లాన్లతో ఆర్డర్‌కు సంబంధమే లేదు. కట్టేవాళ్ళు బ్లాకులు పట్టుకుపోయేకొద్దీ స్టాకు తగ్గుతుంది, తగ్గగానే కోత మళ్ళీ మొదలవుతుంది. ఆ అంకె మొత్తం అవసరం కాదు, ఎప్పుడూ చేతిలో ఉండాల్సిన నిల్వ. రెండు వేలు పెడితే నీ మనిషి రోజుల తరబడి రాళ్ళే కోస్తాడు, అవతల బట్టలు కుట్టేవాడుండడు. పైగా అన్ని బ్లాకులు పెట్టడానికి చోటు కూడా నువ్వే చూపించాలి.

అదే ఆర్డర్‌లో 'సరిపడా అయ్యాక ఆగు, ఇంతకు తగ్గితే మళ్ళీ మొదలెట్టు' అనే వీలుంది. చాలామంది దాని జోలికే పోరు. 200 దగ్గర ఆగి, 80కి దిగాక మొదలయ్యేలా పెట్టు. అది లేకపోతే ఒక గోడకు ఐదు బ్లాకులు పోయాయో లేదో, పొలంలో ఉన్నవాడు కూడా టేబుల్ దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఒక్క బండ కోసి మళ్ళీ పొలానికి. ఆ బండ కొండ అవతల ఉంటే పొద్దంతా నడకే. కోయాల్సిన బండల్ని కూడా తీరిక చూసి ముందే టేబుల్ దగ్గరకు మోయించు. మామూలు సరుకులా వాటంతట అవి రావు, మోయాల్సిన బండల్ని నువ్వే గుర్తు పెట్టాలి. గడికొక బండే పడుతుంది, కాస్త ఎక్కువ చోటు వదులు.

ప్రశ్న: మేడమ్, గోడలకు ఏ రాయి మంచిది? అసలు ఉక్కుతోనే కట్టేస్తే పోదా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, నెల్లూరు

జవాబు: ఉక్కు గోడ బలం, అంటే కూలేలోపు తట్టుకునే దెబ్బల లెక్క, 300 అండీ. గ్రానైట్ గోడ 510. పైగా ఆ ఆటలో ఉక్కు కూడా కొంత అంటుకుంటుంది, రాయి అంటుకోదు. తుపాకులకు, యంత్రాలకు, కరెంటు సామానుకు అన్నిటికీ ఉక్కే కావాలి కదా, గోడల్లో పెట్టి కూర్చుంటే ఎలా? గ్రానైట్ తర్వాత సున్నపురాయి 465, ఇసుకరాయి 420, పలకరాయి 390, పాలరాయి 360. చెక్క 195 దగ్గరే ఆగుతుంది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినదాన్ని, పలకరాయి నాలుగో స్థానంలో ఉందంటే నాకు కాస్త కష్టంగానే ఉంటుంది. మా చీమకుర్తి గెలాక్సీ, అదే బంగారు చుక్కల నల్లరాయి, ఆటలో లేనే లేదు. భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు అది అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి అంటారు. ఆ గొడవ మనకెందుకు లెండి.

అయితే రాతి గోడ లేవడానికి చెక్క గోడ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. ఆట మొదట్లో తల దాచుకోవడానికి చెక్కే నయం. వంటగదికీ, బయటి ప్రహరీకీ ముందుగా రాయి వేయండి, పడకగదుల సంగతి తర్వాత చూడొచ్చు. పాలరాయిని శిల్పాలకు దాచుకోండి, అందం దానిదే. తలుపులకు మాత్రం రాయి వద్దు. బలంగానే ఉంటుంది కానీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. రోజూ అందరూ తిరిగే దారిలో పెడితే మీకే విసుగొస్తుంది.

ప్రశ్న: ఆర్డర్ పెట్టాను, బండలున్నాయి, టేబుల్ ఉంది. ఎవరూ దాని దగ్గరికే రావడం లేదు. కట్టుబడి పనిలో ఆరితేరిన మనిషి ఖాళీగా తిరుగుతున్నాడు.
— గిద్దలూరు పాఠకుడు

జవాబు: రాళ్ళు కోయడం కట్టుబడి కిందికి రాదు బాబూ, చేతిపనుల కిందికి వస్తుంది. పనుల పట్టికలో ఆ గడి టిక్ చేసి చూడండి. అప్పటికీ కదలకపోతే ఆర్డర్‌లో బండల్ని ఎంత దూరం నుంచి తెచ్చుకోవచ్చో చెప్పే దూరం మరీ దగ్గరగా పెట్టారేమో, బండల మీద వాడొద్దని ఎర్ర గుర్తు ఉందేమో చూడండి. చాలాసార్లు ఆ ఎర్ర గుర్తే ఉంటుంది.