అలీనా, టైసనా? యువ రచయితకు ఒక లేఖ

ప్రియమైన తమ్ముడికి,

వేర్వేరు కాలాల హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్లు ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ తలపడితే ఎవరు గెలుస్తారంటూ నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. బాక్సింగ్ అంటే నీకు ప్రాణమని ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ చివరిదాకా చదివినా ఏ అలీ, ఏ టైసన్ అన్నది తేలలేదు. ముందు అది తేల్చుకో.

1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండ్‌లోనే ముగించిన అలీ వేరు. 1975లో మనీలాలో తన పాత ప్రత్యర్థి జో ఫ్రేజియర్‌తో పద్నాలుగు రౌండ్లు దెబ్బలు తిని నెగ్గిన అలీ వేరు. మధ్యలో మూడున్నరేళ్లు అతనికి ఆట లేదు. సైన్యంలో చేరనన్నందుకు టైటిల్ లాగేసుకున్నారు, లైసెన్సులు రద్దు చేశారు. 1970లో తిరిగొచ్చేసరికి బుర్ర అదే కానీ కాళ్లు ఆ కాళ్లు కావు. టైసన్‌దీ అదే కథ. 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టాడు. రెండేళ్లు తిరక్కుండానే టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడిపోయాడు. ఈలోగా ట్రైనర్ కెవిన్ రూనీని వదిలేశాడు, తల ఊపుతూ లోపలికి దూరే ఆ పాత ఆట సన్నగిల్లింది. అందుకే మనిషి పేరు పక్కన సంవత్సరం రాయి. అది లేకపోతే నువ్వు రాసేది అభిమానమే అవుతుంది, అంచనా కాదు.

సంవత్సరం పెట్టుకున్నాక, ఆ రాత్రి ఎదురుగా ఎవరున్నారో చూడు. హ్యూస్టన్‌లో అలీ ఎంత అద్భుతంగా ఆడాడో నువ్వు బాగానే రాశావు. కానీ విలియమ్స్ అప్పటికి పోలీసు తుపాకీ గుండు తగిలి, ఒక కిడ్నీ పోగొట్టుకుని బతికి బయటపడ్డవాడు. స్పింక్స్ అప్పటిదాకా ఓటమి ఎరుగడు, నిజమే, కానీ లైట్ హెవీవెయిట్ అనే కింది బరువు తరగతి నుంచి పైకి వచ్చినవాడు. ఇద్దరి గొప్ప రాత్రుల్లోనూ ఈ తరుగు ఉంది. అది చెప్పకుండా పొగిడితే తెలిసిన పాఠకుడు అక్కడే కాగితం పక్కన పెట్టేస్తాడు.

ఫలానావాణ్ణి ఓడించినవాణ్ణి ఇతను ఓడించాడు కాబట్టి ఇతనే గొప్ప అన్న లెక్క కూడా తీసెయ్. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో జార్జ్ ఫోర్‌మన్ అదే ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. మరుసటి ఏడు ఆఫ్రికాలోని కిన్షాసాలో అలీ ఆ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. ఈ ముగ్గురినీ ఏ వరసలో నిలబెట్టినా తప్పే. ఎవరి ఆట ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు అన్నదే బాక్సింగ్‌లో అసలు విషయం.

రూల్స్ గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. అలీ కాలంలో టైటిల్ పోరు 15 రౌండ్లు, స్పింక్స్ నాటి టైసన్‌కు 12. మన పాఠకుల్లో చాలామంది నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఆడే మూడు రౌండ్ల బౌట్లు చూసినవాళ్లు. పదమూడో రౌండ్‌లో చేతులు ఎంత బరువెక్కుతాయో వాళ్లకు నువ్వే చెప్పాలి. 12 దాటి ఆడిన అనుభవం టైసన్‌కు లేదు. అలీ 1966లో చువాలోతో, 1967లో టెరెల్‌తో పదిహేను రౌండ్లూ నిలబడి ఆడాడు.

ఇక అసలు పోరు. అలీ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, టైసన్ 5 అడుగుల 10. చేతుల చాపులో అలీకి ఏడు అంగుళాలు ఎక్కువ. బరువులో పెద్ద తేడా లేదు. నువ్వు ఇంతటితో ఆపేసి అలీకి ఓటేశావు. అలీ చేతులు కిందికి వదిలేసి, పంచ్ వస్తుంటే తల వెనక్కి వాల్చేవాడు. చాలా పంచ్‌లు గడ్డం ముందు నుంచే గాలిలో పోయేవి. కానీ 1962లో సోనీ బ్యాంక్స్, 1963లో లండన్‌లో హెన్రీ కూపర్, 1971లో పదిహేనో రౌండ్‌లో ఫ్రేజియర్ అతన్ని పడేశారు. ముగ్గురూ కొట్టింది ఎడమ చేతి హుక్కే, అంటే మోచెయ్యి వంచి పక్కనుంచి విసిరే పంచ్. కూపర్ కొట్టినప్పుడు రౌండ్ ముగిసే గంట మోగబట్టి అలీ బతికిపోయాడు. టైసన్‌ది ఎలాంటి హుక్కో తెలుసుగా! 1986లో అప్పటి చాంపియన్ ట్రెవర్ బెర్బిక్ ఆ హుక్కు తగిలి లేవబోయి, రింగ్‌లో అటూ ఇటూ తూలి మళ్లీ మళ్లీ పడ్డాడు. ఇది దాచిపెట్టి అలీ గెలుస్తాడంటే ఎవరు నమ్ముతారు?

నా మటుకు నాకు 1967 నాటి అలీ, 1988 నాటి టైసన్, 15 రౌండ్లు అంటే అలీదే గెలుపు, పదో రౌండ్ తర్వాత నాకౌట్‌తో. మొదటి నాలుగు రౌండ్లూ అతనికి గండమే. అవి గట్టెక్కితే జ్యాబ్‌తో, అంటే ముందు చేతితో నేరుగా విసిరే పంచ్‌తో, దూరం పెడతాడు, దగ్గరికొస్తే మెడ పట్టి వంచి కౌగిలిస్తాడు. 1987లో బోన్‌క్రషర్ స్మిత్ ఇలా పట్టుకునే టైసన్‌ను పన్నెండు రౌండ్లు లాగించాడు, పాయింట్ల మీద ఓడినా పడిపోలేదు. అదే 1975 నాటి అలీ అయితే నేను టైసన్ వైపే, ఆరు రౌండ్లలోపే.

నువ్వూ ఇలా తేల్చి రాయి. 'ఎవరైనా గెలవచ్చు' అన్న నీ చివరి వాక్యం కొట్టేశాను. 1969లో అలీని, పాత చాంపియన్ రాకీ మార్సియానోను కెమెరా ముందు ఆడించి, ఫలితం కంప్యూటర్ చెప్పిందన్నారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో మార్సియానో పదమూడో రౌండ్‌లో గెలిచాడు. యూరప్‌లో చూపించిన దాంట్లో అలీ గెలిచాడు. మార్సియానో అప్పటికే విమాన ప్రమాదంలో పోయాడు. ఎవరికి నచ్చింది వాళ్లకు చూపించే ఆ పని మనది కాదు. ఒక్క ఫలితం రాసి, దాని మీద నిలబడు.

తిరగరాసే ముందు టోక్యో పోరు పూర్తిగా చూడు. అందరూ టైసన్ నాకౌట్ అయిన పదో రౌండ్ దగ్గరికి పోతారు, నువ్వు ఎనిమిదో రౌండ్ చూడు. అంతసేపూ డగ్లస్ జ్యాబ్‌కు నలిగిన టైసన్ రౌండ్ చివర్లో కింది నుంచి పైకి లేచే ఒక్క అప్పర్‌కట్‌తో అతన్ని పడేశాడు. అలీకి ఎదురుగా ఆ పంచ్ ఎప్పుడు, ఏ మూలన దొరకొచ్చో ఒక పేరా రాసి, వ్యాసం మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య