మాంగాడు కామాక్షికి ఆరు వారాల మొక్కు: చివరి వారం అభిషేకం చేయించాలా?

చెన్నై శివార్లలోని మాంగాడు కామాక్షి అమ్మవారికి మీ అత్తగారు ఆరు వారాలు మొక్కుకున్నారని, చివరి వారం అభిషేకం చేయించాలా అని అడిగారు కదా. ఆవిడ మొక్కుకున్నది నిమ్మకాయల మొక్కు. అందులో అభిషేకం లేదు. అసలు మాంగాడులో ముఖ్యమైన పూజలన్నీ అందుకునే శ్రీచక్రానికి అభిషేకమే చేయరు. ఎందుకో తెలియాలంటే స్థలపురాణం కొంచెం తెలియాలి.

కైలాసంలో పార్వతి సరదాకి శివుడి కళ్లు మూసింది, లోకాలు చీకటైపోయాయి. భూమ్మీదకి పోయి తపస్సు చేసుకోమన్నాడాయన. ఆవిడ మాంగాడు మామిడి తోపులో ఐదు అగ్నులు రగిల్చి, నడిమి నిప్పు మీద ఎడమకాలి బొటనవేలు మోపి, కుడికాలు మడిచి, కళ్లు మూసుకుని నిలబడింది. గుడిలోని తపఃకామాక్షి విగ్రహం ఈ భంగిమలోనే ఉంటుంది. జనం తోపులాటలో మొహం చూసి వచ్చేస్తారు, మీరు కాళ్ల దగ్గర కూడా చూడండి. తర్వాత అమ్మవారు పెళ్లికి కంచి వెళ్లిపోయింది, ఇక్కడి అగ్నులు మాత్రం ఆరలేదు. ఆ వేడికి ఊరు మాడిపోతుంటే ఆదిశంకరులు అర్ధమేరు (సగం ఎత్తు లేచిన ఆకారం) శ్రీచక్రం ప్రతిష్ఠించి చల్లబరిచారని చెబుతారు. ఆ చక్రం రాతిదీ కాదు, లోహందీ కాదు. చందనం, అగరు లాంటి ఎనిమిది ద్రవ్యాల అష్టగంధంతో చేసింది. నీళ్లో పాలో పోస్తే నిలవదు. అందుకే కుంకుమార్చనతో సరి.

ఇక మొక్కు సంగతి. వారంలో ఏదో ఒక రోజు పెట్టుకుని, ఆరు వారాలూ అదే రోజు వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా రెండు నిమ్మకాయలు ఇస్తే అమ్మవారి దగ్గర పెట్టి ఒకటి తిరిగి ఇస్తారు. దాన్ని ఇంట్లో దేవుడి దగ్గర వారమంతా ఉంచి రోజూ దణ్ణం పెట్టుకోవాలి. ఎక్కువమందికి తేడా వచ్చేది ఇక్కడే. తడి పూలతో కలిపి ప్లాస్టిక్ కవర్లో కట్టి తెస్తారు, ఇంటికొచ్చాక అలాగే వదిలేస్తారు. మద్రాసు ఉక్కకి తొడిమ దగ్గర మొదలై మూడో రోజుకల్లా బూజు పడుతుంది. ఇక అపశకునమేమోనని భయం! పొడిగుడ్డతో తుడిచి, గాలి తగిలేలా ఇత్తడి పళ్లెంలో పెడితే వారానికి తొక్క గట్టిపడుతుందే గానీ కుళ్లదు. కొనేటప్పుడే మచ్చ లేనివి, తొడిమ ఊడనివి చూసుకోండి. ఆ కాయని దిష్టికి గుమ్మానికి కట్టకండి, అది ప్రసాదం.

మధ్యలో ఇబ్బంది రోజులొస్తే ఆ వారం వదిలేసి తర్వాతి వారం నుంచి లెక్క కొనసాగిస్తారు చాలామంది. మొదటికి రానక్కర్లేదు.

ఆరో వారం కాచిన పాలలో తేనె కలిపి నైవేద్యం పెట్టి, అక్కడున్నవాళ్లకి పంచాలి. అర లీటరు పాలకి రెండు మూడు చెంచాల తేనె చాలు. వేడి పాలలో కాదు, గోరువెచ్చగా అయ్యాక కలపండి. దగ్గర్లోంచి వెళ్లినా ఎండలో క్యూ కదలకపోతే పాలు విరుగుతాయి, కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. మూత బిగుసుకునే స్టీలు డబ్బా, చిన్న కాగితం గ్లాసులు మర్చిపోకండి.

అర్చన టికెట్టు మీద పేరూ నక్షత్రమూ చెప్పాలి. మన జ్యేష్ఠని కేట్టై అనీ, శ్రవణాన్ని తిరువోణం అనీ, ఆర్ద్రని తిరువాదిరై అనీ, శతభిషాన్ని సదయం అనీ చెబితే తడుముకోకుండా సంకల్పం చెప్పేస్తారు.

అదే ఊళ్లో వెళ్లీశ్వరుడి గుడి ఉంది, వదలకండి. అమ్మవారికి దర్శనమివ్వడానికి వచ్చిన శివుడు, అక్కడే తపస్సులో ఉన్న శుక్రుడికి ముందు కనిపించి, ఆవిడని కంచికి వెళ్లమన్నాడట. అందుకే ఆ గుడిలో అమ్మవారి సన్నిధి ఉండదు, పాదాలు మాత్రమే ఉంటాయి. వామనుడి కథలో కన్ను పోగొట్టుకున్న శుక్రుడు కొలిచిన స్వామి కాబట్టి కంటి జబ్బులకి ఇక్కడ మొక్కుకుంటారు. అదే ఊళ్లోని వైకుంఠ పెరుమాళ్ గుడిలో విష్ణువు చేతిలో ఉంగరం కనిపిస్తుంది, చెల్లెలి పెళ్లికి తెచ్చిన కానుక అది.

ఒక్క జాగ్రత్త. ఆషాఢం అయిపోయింది, రద్దీ తగ్గుతుందిలే అని మన పంచాంగం చూసి బయల్దేరకండి. రద్దీ ఉండేది తమిళుల ఆడి నెలలో, అది సౌరమానం. సుమారుగా జులై 17 నుంచి ఆగస్టు 16 దాకా, అంటే మన శ్రావణంలోకీ వస్తుంది. ఆ శుక్రవారాల్లో పసిపిల్లలతో క్యూలో నిలబడటం కష్టం, వీలైతే బుధవారమో గురువారమో పెట్టుకోండి.